డియారా పలకలేదు

"గొంతులో ముల్లు దిగి, ఆ పెద్దమనిషి మనింట్లోనే ప్రాణం వదిలేస్తే ఏం చేస్తామే?" అంది ఊలిమాతా.

అప్పటికింకా చేపకు పొలుసు కూడా తియ్యలేదు. తియ్యాల్సిన హబ్సూ పెరట్లో పీట మీద కూచుని, కత్తి ఒళ్ళో పెట్టుకుని నవ్వాపుకుంటోంది.

"ఆయన ప్రొఫెసర్ కదా పెద్దమ్మా. ముల్లు తీసుకుని తినడం వచ్చే ఉంటుంది."

"వాళ్ళకే రాదు. తింటున్నంతసేపూ ఏదో ఆలోచిస్తూ ఉంటారు. మా కినే చిన్నప్పుడు పుస్తకంలో తల పెట్టి తిని కళ్ళు తేలేసింది. వీపు మీద దబదబా గుద్దితే గానీ ముల్లు బయటికి రాలేదు. ఈయన వీపు మీద నేను గుద్దగలనా? ఎక్కడో సెగూ నుంచి వస్తున్న మనిషి!"

హబ్సూ ఇంకేం మాట్లాడకుండా తోక నుంచి తల వైపుకి గీకడం మొదలుపెట్టింది. పొలుసులు ఎగిరి ఆమె మోచేతులకీ, తలగుడ్డకీ అతుక్కుంటున్నాయి. నైజర్ పిల్ల. నదికీ సముద్రానికీ దూరంగా జిందేర్‌లో ఇసుక మధ్య పుట్టింది. ఈ ఇంటి మేడగదిలో అద్దెకు దిగిన కొత్తల్లో పచ్చి చేపను చూస్తే రెండడుగులు వెనక్కి వేసేది. ఇప్పుడు తెల్లారకుండా గెట్ ఎన్‌దార్ రేవుకు వెళ్ళి, ఒడ్డుకొచ్చిన పడవల వాళ్ళతో గొంతు చించుకుని బేరమాడి, ఊలిమాతా చెప్పిన సైజు చేపనే పట్టుకొస్తోంది.

ఊలిమాతా రోట్లో వెల్లుల్లీ, పార్స్‌లీ ఆకూ, పచ్చిమిరపకాయలూ, ఉప్పూ వేసి నూరుతోంది. నూరుతూనే మిరపకాయల్లో సగం ఏరి పక్కన పెట్టింది. వచ్చేవాడికి కడుపులో పుండు ఉండొచ్చు. చెప్పుకోడానికి మొహమాటపడొచ్చు. పెద్ద ఉద్యోగాలు చేసే వాళ్ళకు కడుపులో పుండు లేకుండా ఎలా ఉంటుంది? తన కూతురికి కూడా ఉందేమోనని ఆమెకు పదేళ్ళుగా అనుమానం.

కూతురు కినే ఊరవతల ఉన్న విశ్వవిద్యాలయంలో ఉప కులపతి. పొరుగు దేశాల చదువుల వ్యవహారమంతా ఆమె చేతిలోనే ఉంది. కుమాసీ, లోమే, ఊగడూగూ అని ఎప్పుడూ ఏదో ఒక విమానం ఎక్కుతూనే ఉంటుంది. అది దిగిందని ఫోను వచ్చేదాకా ఊలిమాతా అన్నం ముట్టదు. ఇన్నాళ్ళ తిరుగుడంతా ఒక్క మాట కోసం. ఈ దేశాల్లో ఎక్కడ చదివిన ఏడాది అయినా, మిగతా అన్ని దేశాల్లోనూ ఏడాదిగానే లెక్కకు రావాలి. అంతే. అంత చిన్న మాటకి ఇంత తిరుగుడు ఎందుకో ఊలిమాతాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. హబ్సూ ఇంటికొచ్చాక అర్థమైంది.

హబ్సూ తన దేశంలో, నియామేలో రెండేళ్ళు నేలల గురించీ పంటల గురించీ చదివింది. ఇక్కడికొస్తే ఆ చదువు ఇక్కడ చెల్లదన్నారు. మళ్ళీ మొదటి ఏడాదిలో కూచోబెట్టారు. అదే జొన్న, అదే సజ్జ, దాన్ని తినే పురుగు కూడా అదే. దేశం గీత దాటేసరికి రెండేళ్ళూ గాల్లో కలిసిపోయాయి. తనకన్నా చిన్నపిల్లల మధ్య వెనక బెంచీలో కూచుని, తెలిసిన పాఠాన్నే మళ్ళీ రాసుకుంటుంది. ఈ ఏడు కూడా తేలకపోతే సామాను సర్దుకుని వెళ్ళిపోతానని ఇంటికి చెప్పేసింది. ఊలిమాతాతో చెప్పలేదు. కానీ గోడకి అవతల ఫోనులో మాట్లాడితే వినబడదా?

అందుకే ఇవాళ్టి చేప అంత ముఖ్యమైంది. విశ్వవిద్యాలయాలన్నీ కలిసి పెట్టుకున్న మండలి తరఫున ముగ్గురు పెద్దలు పరీక్ష చెయ్యడానికి వచ్చారు. వాళ్ళు సరేనంటే కినే అడిగింది వచ్చే చదువుల ఏడాది నుంచే మొదలవుతుంది. కాదంటే మళ్ళీ ఎన్నేళ్ళకో. ముగ్గురిలో పెద్ద జుమానా డియారా. మాలీ మనిషి, మహా కఠినుడని పేరు. మొదటి పూట భోజనం ఇక్కడే. పై ఊళ్ళ నుంచి వచ్చిన అతిథులకు హోటల్లో తిండి పెట్టడం ఎన్‌దార్ ఊరికి తలవంపులు.

"ఏం దోచుకొచ్చారివాళ? డియోప్‌ల ఇంట్లో చేప వాసన వస్తోందంటే రేవులో ఎవడో ఏడుస్తూ ఉంటాడు!"

వీధి గుమ్మంలోంచి మోర్ న్డియాయ్ గొంతు. పక్కింటి దర్జీ. కుట్టిన బట్ట భుజాన వేసుకుని నేరుగా పెరట్లోకి వచ్చేశాడు.

"వచ్చాడమ్మా తిండిపోతు! మా తాత ఎంగిలి గిన్నెలు నాకి పెరిగిన వంశం. వాసన పట్టడంలో మీ తర్వాతే పిల్లులు!"

"మీ తాతకు గిన్నె ఎక్కడిది? మా దగ్గర అరువు తెచ్చుకున్నదేగా. ఇంకా తిరిగివ్వలేదు." మోర్ నిన్నటి చేపతో వేయించి పెట్టిన ఉండలు రెండు నోట్లో వేసుకున్నాడు. "ఆ నిమ్మకాయలు కూడా ఇటు పడెయ్."

"పట్టుకుపో. పట్టుకుపోయి ఈ కోక అంచు రేపటికల్లా కుట్టి తీసుకురా. ఊరికే."

"ఊరికేనే. బానిస బతుకు!" అని రెండు నిమ్మకాయలూ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

డియోప్ ఇంటిపేరు వాళ్ళకూ న్డియాయ్ ఇంటిపేరు వాళ్ళకూ మధ్య ఉన్న ఈ వరస ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు. బావామరదళ్ళ సరసం దీని ముందు దిగదుడుపే. ఎదురుపడితే తిట్టుకోవాలి, నువ్వు మా బానిసవంటే నువ్వు మా బానిసవనుకోవాలి. కోపం తెచ్చుకోకూడదు. అడిగింది కాదనకూడదు. తిట్టుకు తిట్టు అక్కడికక్కడే అప్పజెప్పాలి. అప్పజెప్పకపోయావంటే, నువ్వు నాకేమీ కావని మొహం మీద చెప్పినట్టే.

ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్న కినే కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"అమ్మా! అసలు సంగతి నాకు తట్టనే లేదు. ఆయన డియారా."

"అయితే?"

"అయితే ఏమిటి? న్డియాయ్‌లనే నది ఎగువన డియారాలంటారు. నువ్వు డియోప్‌వి. ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే నువ్వు మొదలుపెట్టేస్తావు. వద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన మమ్మల్ని పరీక్షించడానికి వస్తున్నాడు, చుట్టపుచూపుగా కాదు. పక్కన ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళుంటారు. నవ్వి, వడ్డించి ఊరుకో."

"నాకా మాత్రం తెలీదా?" అంది ఊలిమాతా నొచ్చుకుని. "నోట్లో రాయి పెట్టుకుంటాను, సరేనా?"

కినే వెళ్ళాక ఆమె చేప పక్కల్లో వేలు దూరేంత గాట్లు పెట్టి, నూరిన ముద్దను ఒక్కో గాటులోకీ కూరింది. నోరు మాత్రం నిజంగానే బిగబట్టుకుంది. పెదవుల మధ్య రాయి ఉన్నట్టే ఉంది.

*

నూకల అన్నం వండటం ఊలిమాతా చేతిలో పని. నూకల్ని ముందు ఆవిరి మీద సగం ఉడికించి, చేపా, కాబేజీ, కర్రపెండలం, వంకాయా ఉడికిన ఎర్రటి పులుసులోకి దించాలి. మూతకూ గిన్నెకూ మధ్య తడిగుడ్డ చుట్టి ఆవిరి ఒక్క చుక్క కూడా పోకుండా బిగించాలి. చివర్లో మంట తగ్గించి, అడుగున ఒక పొర మాడేదాకా వదిలెయ్యాలి. ఆ మాడుచెక్క కోసం ఈ ఊళ్ళో అన్నదమ్ములు కొట్టుకుంటారు.

ఊలిమాతా మాడుచెక్కను గరిటతో ఊడదీసి, నలిపి చూసింది. కరకరలాడింది. ఆ వయసు మనిషికి పన్ను విరిగితే? మాలీ ప్రొఫెసర్ పన్ను ఎన్‌దార్‌లో విరిగిందని ఈ దేశాలన్నిట్లో చెప్పుకోరూ? దాన్ని మొత్తం ఒక గిన్నెలోకి తీసి, పళ్ళెం మూతేసి, పొయ్యి వెనకాల దాచింది. తిరిగి చూసేసరికి వాకిట్లో చేతులు కడుక్కుంటున్న పొడుగాటి ముసలాయన కళ్ళు సరిగ్గా ఆ గిన్నె మీదే ఉన్నాయి.

ఆయనే డియారా. సన్నగా, నిటారుగా ఉన్నాడు. తెల్లటి గడ్డం, ఇస్త్రీ మడత చెదరని లేతనీలం అంగీ. కుర్రతనంలో డకార్‌లో చదివాడట, ఇక్కడి వోలోఫ్ భాష నీళ్ళలా మాట్లాడుతున్నాడు. కానీ పొదుపుగా. వెంట కుమాసీ నుంచి వచ్చిన ఎఫువా అనే లావుపాటి నవ్వుమొహం ఆవిడా, లోమే నుంచి వచ్చిన కళ్ళద్దాల కుర్ర ప్రొఫెసరూ ఉన్నారు. అందరూ చాప మీద పెద్ద బేసిన్ చుట్టూ కూచున్నారు.

తింటూనే పరీక్ష మొదలైంది.

"మీ వాళ్ళలోనే కొందరికి ఇది ఇష్టం లేదని విన్నాను," అన్నాడు డియారా కినేతో.

"నిజమే. పారిస్‌తో పొత్తయితే పేరొస్తుంది గానీ నియామేతో పొత్తేమిటంటారు."

"మీరేమంటారు?"

"మా అబ్బాయిలు పారిస్ వెళ్ళి మన సజ్జచేను జబ్బు గురించి చదువుకొస్తున్నారంటాను. నియామేలో ఆ చేను గట్టు మీదే బడి ఉంది."

ఎఫువా పకపకా నవ్వింది. డియారా నవ్వలేదు. తన ముందున్న అన్నంలో ఒక మూల మాత్రమే, పిట్ట పొడుచుకున్నట్టు తింటున్నాడు. ఊలిమాతా చేపలోంచి ముల్లు తీసి, మరోసారి వెదికి, లావుపాటి ముక్కను ఆయన వైపు తోసింది. ఆయన మర్యాదగా దాన్ని ఎఫువా వైపు తోశాడు. ఊలిమాతా ఇంకో ముక్క తోసింది. ఆయన దాన్నీ తోసేశాడు.

మూడో ముక్క దగ్గర ఊలిమాతా నోట్లోని రాయి జారిపోయింది.

"ఒరే డియారా! మా తాతల గుర్రాలకు గడ్డి మోసిన వాడివి, మా చేపముక్కకు వంక పెడతావా? నీ పేరు వినగానే భయపడి నూకలు రెండింతలు పోశాను. తిను!"

అనేసింది. అనేశాక గానీ తను అన్నట్టు తెలియలేదు.

చాప మీద అందరి చేతులూ ఆగిపోయాయి. కినే కళ్ళు మూసుకుంది. హబ్సూ నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అందరూ డియారా వైపే చూస్తున్నారు. ఇప్పుడాయన తిరిగి ఒక్క తిట్టు తిడితే చాలు. డియోప్‌లు దొంగలన్నా చాలు. ఇల్లంతా గొల్లుమంటుంది. అంతా సర్దుకుంటుంది.

డియారా పలకలేదు.

ఆయన తల దించుకున్నాడు. పెదవులు బిగుసుకున్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముల్లేనేమోనని ఊలిమాతా సగం లేచింది, గుద్దడానికి. ఆయన చెయ్యెత్తి వారించి, గుక్కెడు నీళ్ళు తాగి, లోమే ప్రొఫెసర్ వైపు తిరిగి, "మీ దగ్గర గ్రంథాలయం ఎన్నింటికి మూస్తారు?" అనడిగాడు.

అక్కడి నుంచి భోజనం అయ్యేదాకా ఊలిమాతాకు అన్నం మెతుకు గొంతు దిగలేదు. ఆమెకే ముల్లు పడ్డట్టయింది.

*

మర్నాడు మోర్ కోక అంచు కుట్టి తెచ్చేసరికి ఊలిమాతా పెరట్లో గోడకానుకుని కూచుని ఉంది. అతను ఎప్పట్లాగే తిట్టాడు. ఆమె తిరిగి తిట్టలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు మోర్ కంగారుగా.

ఆమె చెప్పింది. విన్నాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"పలకలేదా?"

"లేదు."

"అసలుకి పలకలేదా? గొణగనన్నా గొణగలేదా?"

"గ్రంథాలయం ఎన్నింటికి మూస్తారన్నాడు."

"అదేం తిట్టబ్బా?" మోర్ ఆలోచించాడు. "నా జన్మలో వినలేదు ఇట్లాంటిది. మా బాబాయి శవం ముందు కూడా మీ అన్న వచ్చి, లేవరా సోమరీ అని తిట్టాడు. ఏడుస్తూ ఏడుస్తూనే అందరం నవ్వాం. పలకలేదంటే మరి..."

"మరి?"

"ఏం లేదులే," అని పట్టుకొచ్చిన కోక అక్కడ పెట్టి, ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయాడు. మోర్ ఏమీ అడక్కుండా వెళ్ళాడంటే పరిస్థితి చావుకన్నా ఘోరంగా ఉన్నట్టే.

కినే ఏమీ అనలేదు. పొద్దున్నే వెళ్తూ తల్లి భుజం తట్టింది. అదింకా భయంగా ఉంది. పోనీ తిట్టినా బావుండేది. సాయంత్రం వచ్చాక పరీక్ష ఎట్లా సాగుతోందని అడిగితే, "గట్టిగా అడుగుతున్నాడమ్మా. ఒక్కో పాఠం పక్కన పెట్టి పోల్చి చూస్తున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా ఎవరింటికీ రానంటున్నాడు. బజార్లో రొట్టె కొనుక్కుని ఆఫీసులోనే తింటున్నాడు," అంది.

రొట్టె! తన చేతి అన్నం తిన్నాక ఎన్‌దార్‌లో ఇంకెవరి అన్నమూ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడన్నమాట. ఊలిమాతా కళ్ళ ముందు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. కినే ఉద్యోగం ఊడిపోవడం. హబ్సూ జిందేర్ బస్సు ఎక్కడం. దారిలో ఆ బస్సు ఇసుకలో దిగబడటం. ఆ ఇసుకలో తేళ్ళుండటం.

మర్నాటికి హబ్సూకి కబురొచ్చింది. పొరుగు దేశాల పిల్లలతో పెద్దలు మాట్లాడతారట. ఊలిమాతా కూడా బయల్దేరింది.

"నువ్వెందుకు పెద్దమ్మా?"

"ఒంటరిగా వెళ్తావా? దార్లో కళ్ళు తిరిగి పడితే?"

కళ్ళు తిరగడం ఒక వంక. సంచీలో ఎర్ర గోంగూర పూరేకుల షర్బత్ సీసాలు రెండు పెట్టుకుంది. క్షమాపణకు ఒట్టి చేతులతో వెళ్ళరు కదా. బాడుగ కారులో నలుగురి మధ్య ఇరుక్కుని కూచుని, వంతెన దాటుతున్నంతసేపూ పెదాలు కదుపుతూ మాటలు వల్లె వేసుకుంది. 'నాయనా, ముసలిదాన్ని, నోరు జారాను. నా కూతురు అట్లాంటిది కాదు. హబ్సూ అయితే మరీ కాదు.'

హబ్సూని లోపలికి పిలిచారు. ఊలిమాతా నడవాలో బల్ల మీద కూచుంది. కిటికీ రెక్క ఓరగా ఉంది. డియారా గొంతు వినబడుతోంది.

"మొదటి ఏడాది మళ్ళీ చదువుతున్నావు. కొత్తగా ఏం నేర్చుకున్నావు?"

ఊలిమాతా సంచీతో సహా కిటికీ వైపు జరిగింది.

"పాఠాల్లో అయితే ఏమీ లేదు సార్," అంది హబ్సూ. "అబద్ధం ఎందుకు చెప్పాలి? పక్కన కూచునేవాళ్ళకు నేనే చెబుతుంటాను. పాఠాల్లో లేనివి నేర్చుకున్నాను. ఇక్కడి వరిమళ్ళల్లో ఉప్పు ఎట్లా పైకి తేలుతుందో రైతుల దగ్గర చూశాను. అది మా నియామేలో లేదు. మా దగ్గర ఇసుకమేటల్ని గడ్డితో ఎట్లా ఆపుతారో ఇక్కడివాళ్ళు చూడలేదు. ఈ రెండూ తెలిసినవాళ్ళు ఒక్కరుంటే చాలు కదా సార్. వెనక బెంచీలో కూచుని ఉన్నాను, అంతే."

ఎఫువా బల్ల మీద చేత్తో కొట్టిన చప్పుడైంది. డియారా ఏమన్నదీ వినబడలేదు.

తలుపు తెరుచుకుంది. ముందుగా డియారాయే వచ్చాడు. ఊలిమాతా దిగ్గున లేచి రెండు చేతులా సీసాలు చాచింది.

"నాయనా, ముసలిదాన్ని..."

ఆయన ఆమెను చూశాడు. మొహం ఎర్రబడింది, దవడ అదిరింది. అరచెయ్యి అడ్డంపెట్టి, గిరుక్కున వెనుదిరిగి, దగ్గర్లో కనబడ్డ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి మూసుకున్నాడు.

అది చీపుళ్ళు పెట్టుకునే కొట్టు.

ఊలిమాతా నిలబడింది. హబ్సూ నిలబడింది. లోపల బకెట్టు ఏదో దొర్లిన చప్పుడైంది. ఆయన బయటికి రాలేదు. ఎఫువా వచ్చి, మూసిన తలుపు వంకా ఊలిమాతా వంకా చూసి, సీసాల్లో ఒకటి చనువుగా తీసుకుని, "పదండి తల్లీ, ఆయనకు కాస్త గాలి కావాలి," అంది. గాలి కావలసినవాడు కొట్టులో దూరతాడా?

"నా మొహం చూడలేక చీపుళ్ళ మధ్య దాక్కున్నాడే," అంది ఊలిమాతా వంతెన మీద. "నది వైపు చూడకు, కళ్ళు తిరుగుతాయి."

హబ్సూ మాత్రం నది వైపే చూస్తోంది. "చెప్పాల్సింది చెప్పేశాను పెద్దమ్మా. ఎంత తేలిగ్గా ఉందో!" అంది. పిల్ల మొహం కడిగినట్టు మెరుస్తోంది. దాన్ని చూస్తే ఊలిమాతాకు ఏడుపొచ్చింది.

*

ఆఖరి రోజు పెద్ద హాలు కిటకిటలాడింది. పిల్లలు మెట్ల మీద కూడా కూచున్నారు. ఊలిమాతా రానంది. కినే బతిమాలింది. కడకు మోర్ వచ్చి, తను అంచు కుట్టిన కోకనే మళ్ళీ పట్టుకెళ్ళి, మెరుపు రావడానికి చెక్కసుత్తితో కొట్టించి తళతళలాడించి తెచ్చి, "కట్టుకోకపోతే మా బానిసవు కావు," అని బెదిరిస్తే కట్టుకుంది. గంజి పెట్టిన గుడ్డ అడుగడుగుకీ కరకరమంటోంది. ఆ చప్పుడుకు ఆయన తన వైపు చూస్తాడేమోనని వెనక వరుసలో, స్తంభం చాటున, ఊపిరి బిగబట్టి కూచుంది. పక్కన హబ్సూ. అటుపక్క మోర్. రెండు మూడు సార్లు పైకప్పు వంక చూసింది. అంతమంది ఉన్నారు, ఫ్యాను ఊడిపడితే?

డియారా లేచాడు. నివేదిక చదవడం మొదలుపెట్టాడు. ఉపోద్ఘాతం లేదు, పొగడ్త లేదు. గ్రంథాలయం మరీ పెందలాడే మూసేస్తున్నారు. బయటి దేశాల పిల్లలకు వసతి చాలదు. పరీక్ష పేపర్లు దిద్దడంలో మూడు విభాగాలకు మూడు పద్ధతులున్నాయి. ఒక్కొక్కటీ చదువుతుంటే ఊలిమాతాకు గోడలోంచి ఒక్కో ఇటుకా ఊడదీస్తున్నట్టుంది. కినే వేదిక మీద కదలకుండా కూచుని ఉంది. కడుపులో పుండు ఉండే ఉంటుంది, ఇవాళ్టితో ముదిరిపోతుంది.

"ఇవన్నీ దిద్దుకోవలసినవి. దిద్దుకోగలిగినవి," అన్నాడు డియారా కాగితం తిప్పుతూ. "క్షమించలేని తప్పు ఒకటి చూశాం. ఇప్పటికే చదువుకున్న చదువును చదవనట్టు లెక్కగట్టడం. ఆ తప్పు ఈ ఒక్క చోటే కాదు, మా ఊళ్ళోనూ జరుగుతోంది. మేం ముగ్గురం ఏకాభిప్రాయంతో సిఫారసు చేస్తున్నాం. వచ్చే అక్టోబరు నుంచి ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో ఎక్కడ చదివిన ఏడాదైనా మిగతా చోట్ల ఏడాదిగానే చెల్లుతుంది. ఈ పనికి కేంద్రం ఇక్కడే ఉంటుంది. ఇప్పటికే వెనక్కి తోసేసిన విద్యార్థులను ముందుగా వాళ్ళ వాళ్ళ తరగతుల్లోకి చేర్చాలి."

పైకప్పు నిజంగానే ఎగిరిపోయేటట్టయింది. మెట్ల మీద పిల్లలు గంతులేస్తున్నారు. ఎవరో డప్పు కూడా తెచ్చారు, ముందే ఎట్లా తెలుసో! హబ్సూ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఊలిమాతా ఆమెను గట్టిగా పట్టుకుని, "పడిపోకు, పడిపోకు," అంటోంది. ఊగుతున్నది తనే. వేదిక మీద కినే ముందు చూసింది కులపతిని కాదు, తల్లిని.

ఎఫువా సంతకం పెట్టింది. లోమే ప్రొఫెసర్ పెట్టాడు. ఆఖర్న డియారా పెట్టాడు. పెట్టి, కాగితం మీద వంగి సిరా మీద మెల్లగా ఊదాడు. కలం మూత బిగించి జేబుకు పెట్టుకున్నాడు. కరచాలనానికి చెయ్యి చాచిన కులపతిని, "ఒక్క నిమిషం, ఇంటి పని ఒకటి ఉండిపోయింది," అని దాటుకుని, మెట్లు దిగి, జనం మధ్యలోంచి వెనక వరుస వైపు నడిచాడు.

"ఇటే వస్తున్నాడు," అన్నాడు మోర్.

ఊలిమాతా స్తంభం వెనక్కి జరిగింది. కోక కరకరమంది.

ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. డప్పు ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఊలిమాతాకు ఇన్ని రోజులుగా వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రావడం లేదు. ఆయన గడ్డం వణుకుతోంది. భుజాలు వణుకుతున్నాయి.

"ఏమే డియోప్!" అన్నాడు డియారా. ఆ గొంతుకు ముందు వరుసల్లో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. "గడ్డి మోసింది మా వాళ్ళా? మా గుర్రాల వెనకాల లద్దె ఎత్తుకుంటూ సెగూ నుంచి సముద్రం దాకా నడిచొచ్చాడు గనకే మీ తాతకు ఈ ఊళ్ళో ఇల్లు దొరికింది! ఈ మాట ఆ రోజే చాప మీదే చెప్పేవాణ్ణి. చెబితే నీ చుట్టాన్నయిపోతాను. చుట్టాన్నయితే నీ కూతురు అడిగింది కాదనే హక్కు నాకెక్కడిది? కాదనే హక్కు లేనివాడు అవునంటే దానికి విలువేముంది? అందుకని నోరు కుట్టేసుకుని, ఎండురొట్టె తిని, ఆ చీపుళ్ళ కొట్టులో ముక్కు మూసుకుని నవ్వాపుకోలేక చచ్చాను. ఇప్పుడు సంతకం ఆరింది." ఆయన రెండు చేతులూ చాచాడు. "దొంగ డియోప్! పొయ్యి వెనకాల నాకు పెట్టకుండా దాచుకున్న మాడుచెక్క ఏదీ? పద, ఇంటికెళ్ళి గీకి పెట్టు!"